మూడో ఫేజు

ఉండి దాటాక, కాలవగట్టు మీద
మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో
పదకొండు రాత్రులు రికార్డు చేశాం.
నాది మైకుసెట్టు షాపు.
పెళ్లికీ, దినానికీ, ఎలక్షనుకీ ఒకటే యాంప్లిఫయరు.
ఇనుము పాడుతుందని అంతదాకా
నాకెవరూ చెప్పలేదు.

ఏడేళ్లయినా గోడలు అమోనియా వదులుతూనే ఉన్నాయి.
కళ్లు మండితే కెజియా నవ్వేది,
"ఏడుపు ముందే అయిపోయిందన్నా, ఇక పాటే."
ఆదివారం చర్చిలో సన్నగా పాడే పిల్ల
ఇక్కడ గొంతు అడుగునించి
కంకర తోడి పోసేది.
తెల్లారి అల్లం టీ తాగి, మాట రాక
సైగలతో బస్సెక్కేది.

డ్రమ్ములు కొనే స్తోమత లేక
గోవర్ధనం ఐసు డబ్బాలు బోర్లించాడు.
తుప్పు తిన్నదొక శ్రుతి, సొట్టపడ్డదొక శ్రుతి,
అడుగు ఊడినదానికి శ్రుతే లేదు,
దాన్నే ఎక్కువ కొట్టాడు.
"వెల్డింగు షాపులో పగలు చేసేదే ఇది,
ఇక్కడ ఓనరు తిట్టడు, అంతే తేడా."
మోటార్లకి రాగితీగ చుట్టే చేతుల్తో ఇర్ఫాన్
గిటారు తీగని దించి, దించి, ఇంకా దించాడు.
మీటితే అది
నీళ్లు తాగుతున్న గేదె మెడలా కదిలేది.

పాటల పేర్లు నాకు నోరు తిరగవు.
ఒకదాని పేరు మాత్రం 'డీవో మూడు'.
ఈ ప్రాంతంలో ఎవడికైనా ఆ అంకె చెప్పు,
అన్నం వదిలేసి చెరువు దగ్గరకి పరిగెడతాడు.

ఆఖరి పాటకి ఏరేటర్లు కావాలన్నారు.
పక్కనే ముంగర నరసింహులు లీజు చెరువు,
నాలుగెకరాలు, పన్నెండు ఏరేటర్లు.
మైకుకి క్యారీబ్యాగు చుట్టి గట్టు మీద పాతాను.
రాత్రంతా నీళ్లు నీళ్లని కొట్టుకునే చప్పుడు.
దాని మీద డబ్బాలు, దాని మీద గిటారు,
దాని మీద ఆ పిల్ల కంకర.
మధ్యలో ఒక్కసారిగా
అన్నీ ఆగిపోవాలి,
పంతొమ్మిది సెకండ్లు.

పదకొండో రాత్రి, రెండు దాటాక,
ఎలా వచ్చిందో విందామని
రెండు పెద్ద బాక్సులూ కట్టి పూర్తిగా పెంచాం.
రేకులు అదిరాయి, పావురాలు లేచాయి.
ఆ పంతొమ్మిది సెకండ్లు వచ్చాయి.

ఏడో సెకండుకి చెరువు వైపునించి కేక.
"మూడో ఫేజు పోయిందిరోయ్!"
కావలి పాకలోంచి లుంగీ జారిపోతూ నరసింహులు,
చేతిలో టార్చి, కాళ్లకి చెప్పుల్లేవు,
స్టార్టరు డబ్బా మీద చెయ్యి వేసి
అలా నిలబడిపోయాడు.
మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి.

మమ్మల్ని తిడతాడనుకున్నాం.
వచ్చి ఐసు డబ్బా మీద కూర్చుని
మంచినీళ్లడిగాడు.

గట్టు మీద మైకు ఆపడం మర్చిపోయానని
అప్పుడు గుర్తొచ్చింది నాకు.
అతని కేక మొత్తం పడింది,
కప్పల బెకబెకలతో సహా.
పదకొండు రాత్రులు వెతికినది ఆ గొంతేనని
కెజియా ఏమీ అనలేదు,
హెడ్‌ఫోన్లు తీసి అతని చెవులకి పెట్టింది.

రెండుసార్లు విన్నాడు.
"ఇంత గట్టిగా అరిచానా?
నిరుడు నిజంగానే పోయినప్పుడు
నోరు పెగల్లేదమ్మా.
తెల్లారేసరికి చెరువంతా తెల్లగా,
ఎనిమిది టన్నులు.
పిలుద్దామంటే పేరేదీ గుర్తు రాలేదు."

కేక ఉంచారు. నిశ్శబ్దం అతని కేకతో కలిపి
పంతొమ్మిది సెకండ్లే ఉంచారు.
ఆల్బమ్‌కి పేరు కూడా అతని నోట్లోంచే తీసుకున్నారు,
బదులుగా రెండు బస్తాల మేత అడిగాడు,
ఒకటి ఇచ్చారు, ఒకటి బాకీ.

భీమవరంలో మూడొందల పెన్‌డ్రైవులు చేయించాం.
నూట ఇరవై ఇంకా నా షాపులో ఉన్నాయి,
పాత కోన్ల వెనక, అట్టపెట్టెలో.
నరసింహులు తనది బండి డిక్కీలో పెట్టుకున్నాడు.
మేత లోడు దించేటప్పుడు పెడతాడట,
కుర్రాళ్లు తల ఊపుతారట.
ఆఖరి పాట రాబోతుంటే మాత్రం
తడిచేయి లుంగీకి తుడుచుకుని
వెళ్లి ఆపేస్తాడు.