ఇంకొకరు పడతారు

ఏడు సీట్లండి, అన్నాడు హేమసుందర్,
మెడలో షోరూం తాడు, వేలికి తాళం.
నవ్వొచ్చింది నాకు.
ఎన్నేడీ నుంచి గాజువాక దాకా ఇరవైరెండేళ్లు
మూడు సీట్ల ఆటోలో పదకొండు మందిని తిప్పినోణ్ణి.
నాకు అటొకరు ఇటొకరు, అరపిర్ర మీద.
వెనక చెక్కబల్ల మీద కాలేజీ గుంటలు,
బీ షిఫ్టు దిగిన స్టీలుప్లాంటు టోపీలు,
ఎవరి ఒళ్లోనో ఎవరిదో చేపలగంప.
"జరగండమ్మా, ఇంకొకరు పడతారు."
రోజుకి నూరుసార్లు అదే మాట.

పరవాడ మందుల కంపెనీలో
నైటు డ్యూటీలు చేసి ఝాన్సీ కూడబెట్టిన డబ్బు.
అరవై నెలలు కిస్తీ.
ఆటో అమ్మేయ్ నాన్నా, అంది.
దానికింకా జవాబు చెప్పలేదు నేను.

మర్రిపాలెంలో ఎక్కాం:
చెప్పులు రోడ్డు మీదే విడిచి మా పైడక్క,
అది చూసి తనూ విడవబోయిన నూకరత్నం,
అక్క మనవలిద్దరూ చివరి సీట్లో, ఝాన్సీ నడుమ,
నా పక్కన హేమసుందర్. ఏడు.
బెల్టు పెట్టుకుంటే
ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకున్నట్టుంది.
ఎడంచెయ్యి లేని క్లచ్చిని నొక్కింది,
ఎడంకాలు ఉన్నదాన్ని మరిచింది.
బండి ఒక్కసారి గుక్కపట్టి ఆగిపోయింది.
కొత్తకదండీ, అన్నాడు కుర్రాడు, మర్యాదగా.

గోపాలపట్నం దాటాక
సంపెంగల బుట్టతో ఒకావిడ చెయ్యెత్తింది.
బ్రేకు నొక్కేశాను.
దగ్గరికొచ్చి తెల్ల కారుని చూసి, నన్ను చూసి,
"నీకు కాదు నాయనా" అని
వెనకొచ్చే ఆటోకేసి నడిచింది.
పైడక్క ఒక్కతే పైకి నవ్వింది.

సింహాచలం కొండెక్కిద్దాం, అన్నాను.
మా రూట్లో లేదు సార్, అన్నాడు.
"ఏడుగుర్ని మొయ్యలేనిదానికి
ఏడు సీట్లేటి బాబూ?" అంది అక్క.
ఆ తర్వాత అతనేం మాట్లాడలేదు.
మొదటి మలుపులో మూలిగింది,
రెండో మలుపులో ఏసీ ఆపమంది.
ఆపాం.
ఎక్కింది.

పైన ఖాళీ జాగాలో ఆపి
తాళం ఝాన్సీ చేతిలో పెట్టాను.
"నాను ఎనక కూకుంటాను."
మధ్య సీటు మడిచి, ఒంగి,
వినాయకుడి ముందు గుంజీలు తీసినట్టు లోపలికి దూరాను,
చిన్నోణ్ణి ముందు వరసకి తోలేసి.
మోకాళ్లు గడ్డానికి తగిలాయి.
కిటికీ ఉంది, తెరుచుకోదు.

నా ఆటోలో వెనక సీటు ఎలా ఉంటుందో నాకు తెలీదు.
ఎప్పుడూ కూర్చోలేదు.
దిగుడులో పొట్ట ముందుకి పోతోంది,
మలుపులో పెద్దోడి భుజం నా పక్కటెముకల్లో.
"ఓడ! ఓడ!" అని అరిచాడు చిన్నోడు ఎక్కడో చూసి.
నాకు వాడి నడినెత్తి సుడి కనిపించింది.
దాని పక్కన నూకరత్నం మెడ,
ముడి కింద నాలుగైదు తెల్లవెంట్రుకలు,
ఎప్పుడొచ్చాయో.

ఝాన్సీ అద్దం సర్దింది.
నేనైతే అద్దంలో
చిల్లరివ్వకుండా దూకేవాడెవడా అని చూసేవాణ్ణి.
అందులో ఇప్పుడు రెండు కళ్లు
ఇటూ అటూ తిరిగి నా దగ్గర ఆగాయి.
"నాన్నా, గాలాడతందా అక్కడ?"
పదకొండు మందిలో
ఒక్కర్నీ అలా అడిగిన గుర్తులేదు నాకు.
"ఆడతంది. నువ్వు రోడ్డు సూసుకో."
ఆడటం లేదు.

షోరూం ముందు
పైడక్క చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి.
అందరూ దిగి, సీటు మడిచి,
ఎవరో చెయ్యందిస్తే చివర్న దిగాను నేను.
ఎలా ఉంది సార్ బండి, అని హేమసుందర్ అడిగేసరికే
నా వేళ్లు చొక్కా జేబులో దూరి
పది రూపాయలకోసం తడుముతున్నాయి.