నికర బరువు

షీలానగర్ దాటాక రోడ్డు పక్క కాటా నాది.
నాదంటే, నేను కూర్చునేది.
లోడు లారీ ఎక్కుతుంది,
అంకె నిలబడేదాకా ఆగుతాను,
ఖాళీ బండి బరువు తీసేస్తాను,
మిగిలింది సరుకు.
పద్నాలుగేళ్లుగా నాకు తెలిసిన లెక్క ఇదొక్కటే.

కనకం పుట్టినప్పుడు పదకొండు వందల నలభై గ్రాములు.
టన్నుల మనిషిని, గ్రాములు తలకెక్కలేదు,
నర్సమ్మ రెండుసార్లు చెప్పింది.
అద్దాల పెట్టెలో నా బొటనవేలంత అరికాలు,
దానికి చుట్టిన తీగ చివర ఎర్ర దీపం.
బురుజుపేట అమ్మవారి కుంకం పట్టుకొచ్చింది మా అమ్మ,
లోపలికి రానివ్వకపోతే
గుమ్మం దగ్గరే పేరు పెట్టేసింది:
"గ్రాముల్లో తూస్తన్నారు కదేటి, కనకమే ఇది."

మూడు నెలలకోసారి కేజీహెచ్ డౌన్‌లో ఆటో దిగి
ఎత్తు ఎక్కుతాం.
నీలవేణి భుజాన గుంట, నా చంకలో ఫైలు.
ఫ్లోరా మేడమ్ చాప పరుస్తుంది.
గిలక చెవి వెనక ఆడిస్తే తల తిప్పిందా.
చెక్కముక్క మీద చెక్కముక్క నిలబెట్టిందా.
స్టీలు గిన్నెలో మరమరాలు
రెండు వేళ్లతో తీసిందా, పిడికిలితో ఊడ్చేసిందా.
నిలబెడితే మడమ ఆనిందా,
మునివేళ్ల మీదే ఉందా.
నేను మాత్రం
అంకె నిలబడేదాకా ఆగినట్టు ఆగుతాను.

మొదటిసారి వయసడిగితే ఎనిమిది నెలలన్నాను.
"పదకొండు వారాలు ముందొచ్చేసింది కదండీ,
అవి తీసెయ్యండి" అంది.
"ఐదున్నర. ఐదున్నరకి ఏం రావాలో
అదే అడుగుదాం ఈ పిల్లని."
తీసెయ్యండి.
ఆ ఆసుపత్రిలో నా భాష మాట్లాడింది ఆవిడొక్కతే.
బస్సులో నీలవేణికి చెప్పాను,
ఖాళీ బరువు తీశాకే చదవాలే, ముందే ఏడవకు అని.
"మన పిల్ల లారీయా" అంది.
నవ్విందో లేదో గుర్తులేదు.

లెక్క తెలిసినా
పై వాటాలో జగ్గునాయుడి మనవడు ఉన్నాడు.
అదే నెల, అదే వారం.
పొద్దున్నే వాడి పరుగు మా నెత్తిమీదే.
"మీ గుంట ఇంకా నడవట్లేదేటి?"
క్యాలెండర్ పద్దెనిమిది అంటుంది, మాకు పదిహేనున్నర.
మెట్ల మీద నిలబడి
ఎవరికని చెబుతాం తీసివేతలు.
రాత్రి కొబ్బరినూనె రాసి పిక్కలు సాగదీస్తుంది నీలవేణి,
చెప్పింది ఇరవైసార్లు,
పదిహేనుకే తన్నేస్తుంది కనకం.
ఆ తన్ను కూడా రాసుకుంటాం.

ఫైల్లో కొన్ని గళ్లలో నేను "లేదు" అని రాస్తే
ఫ్లోరా మేడమ్ దాని ముందు
"ఇంకా" అని ఇరికించింది, చీమల్లాంటి అక్షరాలతో.
ఒక్క గడిలో ఇరికించలేదు. ఎడమ కన్ను.
వచ్చే నెల మాట్లాడదాం అంది.
ఆ పేజీ నేను తిప్పను.

మొన్న ఆదివారం లారీల్లేవు.
క్యారేజీ తెచ్చిన నీలవేణి
పిల్లని కాటా ప్లేటు మీద దింపింది.
ఎండకి వేడెక్కీ ఎక్కని ఇనుము,
మీద ఎర్ర ఖనిజం దుమ్ము.
నేను గదిలో, అద్దం వెనక.
కనకం క్యారేజీ పట్టుకుని లేచింది.
క్యారేజీని వదిలేసింది.
ఒకటి.
రెండు, చేతులు రెండూ గాల్లో.
మూడు. నాలుగు.
అయిదోది అడుగో పడటమో తేల్లేదు.

నా ముందు తెర మీద సున్నా.
ఇరవై కిలోల లోపు ఏదీ దాని కంటికి ఆనదు.
అలవాటుకొద్దీ మీట నొక్కాను, చీటీ వచ్చింది:
లోడు సున్నా, ఖాళీ సున్నా, నికరం సున్నా,
పన్నెండూ నలభై.
వెనక్కి తిప్పి పెన్నుతో రాశాను, నాలుగు.

బొగ్గు లారీ ఒకటి వచ్చి హారన్ మోగిస్తోంది.
ఆగమని చెయ్యి చూపించి పరిగెత్తాను.
టైర్లు తుడిచెయ్యకముందే
దుమ్ములో మడమలు పడ్డాయో లేదో చూడాలి.
కుడిది పడింది.
ఎడమది, సగం.