రసీదు

ఇసకపల్లి ఒడ్డున తాటితోపు
ఒక్క గీతై, ఆ గీతా చెరిగిపోయే చోట
పన్నెండు బారల కింద ఉండాది ఆ విమానం.
మేం దాన్ని విమానం అనం. వలలమారి అంటాం.
మా తాత వల మింగింది, మా నాయన వల మింగింది,
అప్పు తీరకముందే నా వల.

ఏ దేశం వాళ్లదో, ఏ యుద్ధంలో పడిందో
ఊళ్లో తలకొక కథ.
కన్నియమ్మవ్వ మాత్రం
"రాత్రిపూట ఒక నిప్పు సముద్రంలోకి దిగింది,
తెల్లారి మావాళ్లు మామూలుగానే వేటకి పోయినారు" అంటాది.
అంతకు మించి చెప్పదు.
ఆమె కోళ్లగూటికి తలుపు
దాని రెక్కలో ఊడిన సత్తు రేకే.
ఎన్ని వానలు పడినా తుప్పు పట్టలేదని మెచ్చుకుంటాది.

మంచివాణ్ణని చెప్పుకోను.
చెల్లెలి కాన్పు కష్టమైన ఏడు
గాలిగొట్టం పళ్లతో కరుచుకోని దిగి
రాగితీగలు, ఇత్తడి మరలు ఏరుకొచ్చినా.
కావలి దస్తగిరి కాటా మీద పెట్టి
పదకొండు కిలోలన్నాడు.
మా ఇంటి కాటాకి పన్నెండున్నర.
ఆ కిలోన్నర కోసం చొక్కా పట్టుకోని పోట్లాడినా గానీ
మిగతా పదకొండూ ఎవరివని
ఆ పొద్దు నాకు తోచలా.

మొన్న కార్లలో వచ్చినారు.
పటం పరిచి, నా వేలితోనే చోటు చూపించుకున్నారు.
పైకి తీస్తారంట. గవ్వలు గీకి,
వంగిన రెక్క సాపు చేసి, పోయిన అద్దం కొత్తది బిగించి,
రంగులేసి, దీపాల కింద నిలబెడతారంట.
"కొత్తదాని మాదిరే ఉంటుంది ఏకాంబరం,
ఇప్పుడే ఎగరబోతున్నట్టు."
మరి పడిన రాత్రిని యాడ పెడతారు?
అడగబోయి టీ తాగినా.

దస్తగిరి అయితే ముక్కలు చేస్తాడు,
చేసినట్టు కనపడతాది.
వీళ్లు అతికిస్తారు, అతుకు కనపడకుండా.
ఏది పెద్ద తప్పో తేల్చను
ఐదో తరగతి చాలలా.

వాళ్లకి చెప్పని మాట ఒకటి ఉండాది.
రాగి ఏరుకున్న ఆ పొద్దు, సీటు అడుగున,
తోలు బూటు.
బురద పోదామని వంచితే
చింతగింజలంత ఎముకలు
నా అరచేతిలోకి జారినయి.
మళ్లీ బూట్లో పోసి, ఉన్నచోటే ఆనించి,
గాలి అయిపోయేదాకా అక్కడే ఉన్నా.
బొంత చేప ఒకటి కదలకుండా
నన్నే చూసింది, ఇల్లు దానిదైనట్టు.

మా అన్న పొన్నుసామి
తుపానులో పోయి పదమూడేళ్లు.
పడవ దొరకలా. పలక దొరకలా.
మా వదిన ఏటేటా ఒడ్డున ఆకు పరుస్తాది,
ఏ దిక్కుకి పెట్టాల్నో తెలియక నీళ్లవైపే.
ఎక్కడో బర్మా ఒడ్డున ఎవరో
ఆ పడవని పైకి లాగితే?
రంగు కొట్టొద్దు. అమ్మొద్దు.
పక్కన రాసిన పేరు మాత్రం
గట్టిగా ఒకసారి చదవండయ్యా,
ఆమెకి ఇనపడేటట్టు.

అందుకే మళ్లీ దిగినా.
తెచ్చింది తప్పో ఒప్పో, ఉప్పుసంచిలో తెచ్చినా.
నెల్లూరు ఆఫీసులో మూడు బల్లలు తిప్పి
నాలుగో బల్ల గుమాస్తా
ముక్కు మూసుకోని రసీదు రాసిచ్చినాడు:
"పాత బూటు, ఒకటి. విలువ లేదు."
ఎముకలకి గడి లేదంట ఆ పుస్తకంలో.

రసీదు మా వదిన చేతిలో పెట్టినా.
చదువు రాని మనిషి. మడిచి
అన్న ఫోటో వెనక దోపింది.
ఈ ఏడు ఆకులు రెండు పరిచింది.

పదకొండు కిలోలకి నేను రాయాల్సిన రసీదు
ఇంకా రాయలా. పేరు తెలియదు.
కార్లవాళ్లు అనుమతులు తెస్తా ఉండారు.
రెక్క రేకు కూడా కావాలని
కన్నియమ్మవ్వ గుమ్మం ముందు నిలబడితే
"ఇస్తా గానీ,
కోళ్లు యాడ పడుకుంటాయి నాయనా?" అనింది.