తరుగు

రెండో ఆదివారం, పొద్దుగాల పదిన్నర.
నల్లగొండ రామగిరిల జిరాక్సు దుకాణం మీది రూము.
మెట్లు పదహారు, పదమూడోది ఊగుతది.
కొత్తోళ్లకు మేం మొదలు చెప్పేది అదే,
వైఫై పాస్‌వర్డు ఆ తర్వాత.

చాపలు మూడు, కుర్చీలు అయిదు.
గోడకు ఒక్కటే ప్లగ్గు, దానికి వేలాడే డబ్బా,
డబ్బా చుట్టూ లాప్‌టాపులు
పాలకొచ్చిన మేకపిల్లల తీరు.
మొదటిపారి రిజిస్టర్ల ముప్పై రెండు పేర్లు.
ఇయ్యాల తొమ్మిది.
కొందరికి నౌకరీ దొరికింది, కొందరికి విసుగొచ్చింది.
ఒకడు ఎదురుంగనే బండి మీద పోతూ
హెల్మెట్ తీయకుంట చెయ్యూపుతడు.

ఇక్కడ సార్లు లేరు.
తెలిసినోడు చెప్తడు, తెలవనోడు అడుగుతడు,
గంటకోపారి ఇద్దరూ తారుమారైతరు.
పాలిటెక్నిక్ ల్యాబుకు ఇరవై ఏండ్లు తాళం తీసిన నేను
లూపు అంటే ఏందో
మొన్న పదో తరగతి పిల్ల దగ్గర నేర్చుకున్న.
"బోరు బండి లెక్క అంకుల్,
నీళ్లు పడేదాక దించుతనే ఉంటది.
ఎక్కడ ఆపాల్నో మాత్రం ముందే చెప్పి పెట్టాలె."
మా దిక్కు బోర్లకు
ఆ ముందుమాట ఎవ్వరూ చెప్పలే.

ఇయ్యాల నఫీసా వంతు.
బత్తాయి లెక్క రాసుకొచ్చింది.
వాళ్ల అబ్బా ఆటోల తోటల నుంచి కాయ మోస్తడు.
రైతులు చిట్టీలు ఆయన చేతిల పెట్టి
"నీ బిడ్డకు చూపియ్యి" అంటరట.
బరువు ఇటు వేస్తే రూపాయలు అటు రావాలె.
వస్తున్నయి.
కానీ చిట్టీల మాట వేరు, తెర మాట వేరు:
రెండు టన్నుల లోడుకు
పందొమ్మిది వందలు మేమే ఎక్కువ చూపిస్తున్నం.

తప్పు మాదే అనుకున్నం.
తిరుమలేశు కామాలన్నీ వెతికిండు
బియ్యంల రాళ్లేరినట్టు.
పరిమళ కాగితం మీద కూడింది, చెరిపింది, కూడింది.
కరెంటు పోయింది. వచ్చింది.
సమోసాలు చల్లారినయి.

అప్పుడొచ్చిండు, డబ్బా నీళ్ల కోసం,
మెట్ల కింద నీడకు కూసునే హమాలీ.
తెర వంక ఓ చూపు చూసి
"దేనికి మొత్తుకుంటున్నరు?" అన్నడు.
నఫీసా చదివి వినిపించింది:
టన్నుకు యాభై కిలోలు తరుగు, పోను మిగిలింది...
గ్లాసు దించి తువ్వాలతో మూతి తుడుసుకున్నడు.
"కాంటా కాడ ఒకపారి తీస్తరు బిడ్డా,
పద్దు కాడ ఇంకోపారి.
ఎవరడుగుతరు?"

ఆమె ఆ వరుసనే కింద మళ్ల రాసింది.
ఎంటర్ కొట్టింది.
పైసతో సహా కుదిరింది.

లెక్క కుదిరితే చప్పట్లు కొట్టుడు మా ఆనవాయితీ.
ఫ్యాను ఒక్కటే కొట్టుకున్నది.

ఆ వరుస ఆమె తీసెయ్యలే.
దానికో పేరు పెట్టింది: రెండో తరుగు.
వేరే గడిల, రూపాయలల్ల,
చిట్టీ పట్టుకున్నోళ్లకు కనబడేటట్టు.
కిందికి పోయి నూట పది కాపీలు తీయిస్తిమి.
మా జేబులన్నీ దులిపితే తొంభై ఏడు,
పదమూడు రూపాయలు దుకాణాయన మా ఖాతాల రాసుకున్నడు.

సగం కాగితాలు హమాలీ తువ్వాల్ల చుట్టుకున్నడు.
"రేపు కాయ దించేటప్పుడు పంచుత.
నా పేరు మాత్రం యాడ రాయకుర్రి."
పదమూడో మెట్టు పైలం అన్న.
"నాకెరుకే, దాని సిమెంటు మోసింది నేనే" అన్నడు.

రిజిస్టర్ మూసిన.
తొమ్మిది సంతకాలు.
వచ్చినోళ్లం పదిమందిమి.