పది వేళ్లు

పొద్దున ఏడింటికి నిచ్చెనెక్కి
బోర్డు మీద అంకెలు మారుస్తాను.
మంగళవారం ఒక ధర, శనివారం ఒక ధర,
బడి సెలవులైతే ఇంకొకటి.
ఫ్లోరిడా ఎండకి రేకు అంకెలు
అట్లపెనంలా కాలుతుంటాయి.
తొమ్మిదిని తిరగేస్తే ఆరు.
పదకొండేళ్లలో ఒక్కసారే పొరబడ్డాను,
ఆ రోజు నూట ఇరవై మంది నన్ను దీవిస్తూ లోపలికెళ్లారు.
మేనేజరు దీవించలేదు.

నా పేరు మిర్లాండ్. నాలుగో కిటికీ.
ఎడమచేతి వైపు మొసలికోట,
కుడిచేతి వైపు చంద్రనౌక.
కంపెనీ ఒకటే, పార్కింగు ఒకటే, మురుగుకాలవా ఒకటే.
మధ్యలో తీగల కంచె.
ఏదో ఒకదానికైతే డెబ్బై నాలుగు డాలర్లు,
రెండూ కావాలంటే నూట ఇరవై ఆరు.
"కంచె అవతలికి పదడుగులు వేసినందుకు యాభై రెండా?"
రోజుకొకరైనా అడుగుతారు.
నవ్వుతాను.
నవ్వు కూడా జీతంలో కలిపే ఇస్తారు.

అరుపులకి మాత్రం కంచె లేదు.
చంద్రనౌక శిఖరం మీంచి జారిన కేక
మొసలికోటలో ఐస్‌క్రీము తినేవాళ్ల నెత్తిన పడుతుంది
ఉచితంగా.

ఆ గురువారం టిల్లరీ వాళ్లొచ్చారు.
బార్టోలో టైర్ల కొట్టట,
వెండెల్ గోళ్ల సందుల్లో సబ్బుకి లొంగని నలుపు.
పెద్దపిల్ల కోరా, చిన్నది డెల్లా.
"చిన్నపాపకి ఎన్నేళ్లు?"
తొమ్మిది దాకా సగం ధర.
తండ్రి నోరు తెరిచేలోపే
డెల్లా రెండు చేతులూ ఎత్తి
పది వేళ్లూ నా అద్దానికి ఆనించింది.
మొన్న మంగళవారమే నిండాయట!

ఆయన ఆ వేళ్లని చూశాడు.
ఒక్క బొటనవేలు మడిస్తే చాలు
ముప్పై ఏడు డాలర్లు మిగులుతాయి.
నేను కంప్యూటరు తెరలో ఏదో వెతుకుతున్నట్టు
తల వంచుకున్నాను.
"పదే," అన్నాడు. కాసేపాగి,
"పదేనండి."

కోరాకి మొసళ్లు కావాలి, డెల్లాకి చంద్రుడు.
పెట్రోలు రసీదు వెనక కూడికలు, కొట్టివేతలు.
వెనక వరుసలో ఎవరో దగ్గారు.
చివరికి లూరీన్ అంది,
"నేనూ పెద్దదీ ఇటు. మీరిద్దరూ అటు."
ఎర్ర పట్టీలు రెండు, నీలం పట్టీలు రెండు.
ఒకే బండిలో వచ్చిన నలుగురు
నా కిటికీ ముందు
చేతులూపుకుని విడిపోయారు.

మధ్యాహ్నం మరుగుదొడ్ల వెనక
ఐసు మిషను గుర్రుమనే చోట కూర్చుని
అన్నంలో చిక్కుళ్లు కలుపుకుంటున్నాను.
కంచెకి అటొక జంట, ఇటొక జంట.
రొట్టెలు రేకు కాగితంలో పల్చగా నొక్కి పంపారు.
ద్రాక్ష డబ్బా పట్టలేదు,
ఒక్కో పండూ ఒక్కో కంతలోంచి.
బయటి తిండి తేకూడదు, కంచె మీదుగా ఏదీ అందించకూడదు,
రెండు రూళ్లూ నాకు కంఠతా వచ్చు.
గిన్నె పట్టుకుని అటు తిరిగి కూర్చున్నాను.

"అక్కడ బావుందా అక్కా?"
"ఏం బావుంది! మొసలి నిద్రపోతూనే ఉంది. రబ్బరుదేమో."
"ఇక్కడా అంతే. చంద్రుడి మీద క్యూ తప్ప ఏమీ లేదు."
కోరా జడలోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.
డెల్లా బుగ్గ నిండా వెండి పొడి.
వెండెల్ మొహం మాడిపోయింది,
రెండువందల తొంభై ఆరు డాలర్లు!
కంచె అవతల్నించి లూరీన్
కళ్లతోనే ఊరుకోమంది.
అప్పుడు చూశాడు ఆ జడని, ఆ బుగ్గని.
ద్రాక్షపండు నోట్లో వేసుకుని
చాలాసేపు నమిలాడు.

అబద్ధం గేటు దాకానే నిలిచింది.
సాయంత్రం పార్కింగులో
బండి వెనకసీటులోంచి రెండు గొంతులు ఒకేసారి:
"నీళ్లలోంచి ఇంత నోరు తెరిచి—"
"కింద భూమి గుండ్రంగా, తెలుసా—"
ఎవరూ ఎవర్నీ విననివ్వడం లేదు.

ఓవర్‌టైము అయ్యాక గుడ్డ తీసి అద్దం తుడిచాను.
పది వేలిముద్రలు.
ఎంత రుద్దినా పోవే!
తర్వాత తట్టింది, అవి అవతలి వైపువని.
బయటి వైపు తుడిచే పని
వేరేవాళ్లది.