సున్నా కొస

టేపుకి రెండు కొసలు.
అంకె చదివే కొస సర్వేయరు దాలినాయుడు గారిది.
సున్నా ఉన్న కొస నాది.
పదకొండేళ్ళుగా గోడల మూలల్లో
గోళ్ళ కింద సున్నం నింపుకుంటూ
సున్నాని కదలకుండా పట్టుకోడమే నా ఉద్యోగం.

ఈసారి శ్రీకాకుళం జీటీ రోడ్డులో ఒక ముక్క.
ముందు వరస, వెనక సందు, మధ్యలో నుయ్యి పూడ్చిన జాగా,
అంతా కలిపి తొంభై రెండు సెంట్లు.
వైజాగ్ నుంచి దిగిన ఆర్కిటెక్టు కుర్రాడు
కారు బానెట్ మీద ప్లాను పరిచాడు.
ఎగిరిపోకుండా నాలుగు మూలలా
తవిటమ్మ టీ గ్లాసులు.
"కింద షాపులు, పైన ఫ్లాట్లు.
మిక్స్‌డ్ యూజ్ అంటారు" అన్నాడు.
తవిటమ్మ ప్లానుకేసి చూసింది,
మేడ మీద ఆరేసిన చీరలకేసి చూసింది.
"ఇప్పుడున్నదీ అదే గదేటి బావూ?"
కుర్రాడు ఒక గ్లాసు ఎత్తి తాగాడు.
ప్లాను ఆ మూల చుట్టుకుపోయింది.

కొలిచాం.
శుభలేఖల ప్రెస్సు: ఇరవై రెండడుగుల నాలుగంగుళాలు.
ఆ నాలుగంగుళాలూ
గోడకి పేరుకున్న పసుపు సిరా అని నా అనుమానం.
పొందూరు బట్టల కొట్టు: పద్దెనిమిది, సరిగ్గా.
లాడ్జి మెట్లు మాత్రం లొంగలేదు.
ఒక్కోటీ ఒక్కో ఎత్తు,
చీకట్లో ఎక్కే గుమాస్తా కాళ్ళకి తప్ప
ఎవరికీ తెలియని లెక్క.

దాలినాయుడు గారు కూడారు. కొట్టేసి మళ్ళీ కూడారు.
దస్తావేజుల్లో కంటే
నేల రెండడుగుల తొమ్మిదంగుళాలు ఎక్కువొచ్చింది.

నేల పెరగదు కదా, వెతికాం.
ప్రెస్సుకీ బట్టల కొట్టుకీ నడుమ
సందు అనడానికీ లేదు,
రెండు గోడలు ఒకదాన్నొకటి ఆనుకోడానికి
మొహమాటపడ్డ చోటు.
అందులో పక్కకి తిరిగి కూర్చుని
తాళాల ఖలీల్.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాం.
"మా నాయన ఆకురాయి అరిగి పుల్లయింది,
మీరే కట్టండి లెక్క."
పట్టా లేదు, అద్దె రసీదు లేదు, కరెంటు మీటరు లేదు.
వెనక మేకులు, మేకులకి తాళం చెవులు,
చేయించుకుని మళ్ళీ రానివాళ్ళవి.

మూడో నంబరు కొట్టు తెరవాల్సొచ్చింది.
అన్నదమ్ముల దావా, పదిహేడేళ్ళ తుప్పు.
రెవెన్యూ మనిషి సుత్తి తెమ్మన్నాడు.
ఖలీల్ లేచి, మేకు మీంచి ఒకటి తీసి,
కిరసనాయిల్లో ముంచి,
నిద్రపోతున్న మనిషిని తట్టినంత మెల్లగా తిప్పాడు.
లోపల దూలానికి ఒక తక్కెడ.
ఒక పళ్ళెంలో పడికట్టు రాయి.
రెండో పళ్ళెం ఖాళీగా
ఇంకా పైనే ఉంది.

"కొత్తదాంట్లో ఎన్ని తలుపులు సార్?"
కుర్రాడికి హుషారొచ్చింది.
"నూట నలభై! కార్డు తాకిస్తే చాలు, తెరుచుకుంటాయి."
"కార్డు పోతే?"
"ఇంకోటిస్తారు."
"ఎవరు?"
కుర్రాడికి ఫోనొచ్చింది, లేక వచ్చినట్టు చూసుకున్నాడు.

సాయంత్రం పట్టిక నింపాలి.
అనుభవదారు పేరు అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది నాది.
రెండడుగుల తొమ్మిదంగుళాలు ఎవరికి రాయను?
దాలినాయుడు గారు చెడ్డవారు కాదు,
ఆయనకి ఏడున్నర పలాస బస్సుంది.
"గోడ మందం అని రాసెయ్యి."

రాశాను.
సిరా ఆరకముందే
ఆ గోడ మందంలోంచి ఎవరో నన్ను పిలిచారు.
వెళ్ళాను.
మేకుల్లో వెతికి వెతికి
ఒక చెవి నా చేతిలో పెట్టాడు.
మా ఇంటిదే. రెండోది కావాలని
మూడు వానాకాలాల కింద ఇచ్చి
నేను మరిచిపోయింది.

జేబులో చెయ్యి పెట్టాను.
"డబ్బులు అప్పుడే ఇచ్చేశారు" అన్నాడు,
దీపం కోసం వంగుతూ.