వట్టి తలుపు

గుణుపురంలో మా హాలుకి రేకుల కప్పు.
వాన పడితే ఏ సినిమా అయినా
వాన సినిమాయే.

నాకు పదహారేళ్లు.
కృత్తిబాస్ బెహరా దగ్గర రీళ్లు చుట్టే పని.
కేబిన్‌లో కార్బన్ కడ్డీల మంట, మిషన్ల రొద.
జానెడు కన్నంలోంచి
బొమ్మ కనబడుతుంది గాని
మాట వినబడదు.

ఆ దెయ్యం సినిమా పదకొండు రోజులు ఆడింది.
పదకొండు రోజుల్లో పది రోజులు
నాకు ఏ భయమూ వెయ్యలేదు.
తెల్లచీర మనిషి నడవాలో వస్తుంటే
పాపం, ఎవరో నీళ్లకి పోతున్నట్టుండేది.

బయట సోడాబండి సన్నెమ్మ మాత్రం
హాలు గోడకి వీపు ఆనించి వింటూ
రోజూ తొమ్మిదీ ఇరవైకి
గోలీ కొట్టడం ఆపేసేది.

"ఏటి సూపిస్తన్నార్రా లోపల?"
"తలుపు, అప్పా. వట్టి తలుపు."
"తలుపేటి! మా సచ్చిపోయిన అత్త
దానెనకాల మూలిగినట్టుంటే!"

చూసే నాకు సగం, వినే ఆమెకు సగం.
నడుమ పద్దెనిమిది అంగుళాల ఇటుక గోడ.

బెహరా నవ్వేవాడు.
"గొణొ" అనేవాడు, లెక్కపెట్టమని.
ఎకొ, దుయి, తిని…
"తలుపుని చూపించడానికి మూడు లెక్కలు చాలు.
వీడు పద్నాలుగు దాకా పట్టుకున్నాడు.
మిగతా పదకొండు లెక్కల్లో
టిక్కెట్టు కొన్న ప్రతివాడూ
తన ఇంటి తలుపు మోసుకొచ్చి
అక్కడ బిగిస్తాడు."

ఇంకోసారి: "ఆ పిల్లని ఓ అంచుకి తోసి
పక్కన అంత జాగా వదిలాడే,
ఆ సీటు ఎవరికి రిజర్వు?"

ఒక రాత్రి కడ్డీ మార్చబోతూ
మంట మీదికి వంగాడు.
కింది వెలుగు గడ్డం ఎక్కి, కళ్ల గుంతలు నింపకుండా
నుదుటి మీదికి పోయింది.
నా చేతికి రోజూ బఠాణీలు పోసే మనిషి
రెండు క్షణాలు
ఎవరో.

పదకొండో రోజు నన్ను కిందికి పంపాడు,
"నేల టిక్కెట్టులో కూచుని చూడు పో."

సంతకొచ్చిన సవరలు, తాలూకాఫీసు ఒడియా గుమాస్తాలు,
మా వీధి కోమట్లు.
సినిమా తెలుగు. సగంమందికి రాదు.
మాటలు నడిచినంతసేపూ పల్లీలు నమిలారు,
పిల్లల్ని కసిరారు, బీడీలు ముట్టించారు.
మాటలు ఆగిన చోట
హాలంతా ఒకటే భాష.

తలుపు వచ్చింది.
సంగీతం వస్తుందనుకున్నాను, రాలేదు.
అప్పటిదాకా ఉందని ఎరగని కీచురాళ్ల చప్పుడు
ఆగిపోయింది.
ఆగాకే తెలిసింది అది ఉండేదని.
ఎకొ, దుయి, తిని, చారి,
తొమ్మిది దాకా వెళ్లి
అంకెలు మరిచిపోయాను.

సరిగ్గా అప్పుడే
ఆలస్యంగా వస్తున్న నౌపడా చిన్నరైలు
స్టేషను మలుపులో కూత వేసింది.

మూడొందలమందీ లేచారు.
ఎవడి పల్లీలో నా ఒళ్లో పడ్డాయి.
తెర మీద ఏమీ లేదు. తలుపు మూసే ఉంది.
ఆనక దెయ్యం వచ్చినప్పుడు
అందరం ఊపిరి వదిలాం,
వచ్చి బతికించావమ్మా అన్నట్టు.

*

హాలు ఇప్పుడు ఎరువుల గోడౌను.
చిన్నరైలు పట్టాలు పీకేసి పెద్దవి వేశారు.

బరంపురం పెద్దాసుపత్రి, రెండో అంతస్తు.
లోపల బెహరా.
నడవాలో ట్యూబులైటు ఒకటి కొట్టుకుంటోంది.
తెల్లబట్టల మనిషి ఒకామె
నీళ్లకి పోతున్నట్టే
నా ముందునుంచి వెళ్లింది.

గొణొ.
పద్నాలుగు దాటింది. రెండొందలు దాటింది.
ఈ షాటుని కత్తిరించేవాళ్లు
ఎక్కడా లేరు.

చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాను,
కేబిన్‌లో లాగ సగం తగ్గుతుందేమోనని.
తగ్గలేదు.

జేబులో ఫోను మోగింది. సన్నెమ్మ.
వెనకాల గుణుపురం బస్టాండు రొద,
టక్కుమని సోడాలు.

"ఏటి కనబడతంది రా?"

"తలుపు, అప్పా. వట్టి తలుపు."

సోడా చప్పుడు ఆగింది.